ఆటిజం సిటీ పిల్లల జబ్బు కాదు సార్, మా పిల్లల్ని మీరు లెక్కపెట్టలేదు



పోయిన నెలలో మా మండలం నుంచి నలుగురం ఒక ఆఫీసుకి వినతిపత్రం పట్టుకెళ్లాం. ఎప్పుడూ వెళ్లే పట్టాల గొడవ కాదు, రోడ్డు గొడవా కాదు. మా ఊళ్లలో మాట రాని, పిలిస్తే పలకని చిన్న పిల్లలు ఉన్నారు, ఆరేళ్లలోపు పిల్లల కోసం వారానికి రెండు రోజులైనా ఒక థెరపిస్టుని ఐటీడీఏ కేంద్రానికి పంపండి అని రాసుకెళ్లాం. ఆ అధికారి కాగితం సగం చదివి నవ్వాడు. "ఆటిజమా? అది సిటీ పిల్లల జబ్బయ్యా. సెల్‌ఫోన్లు చూసి చూసి వస్తది. మీ పిల్లలు హాయిగా కొండల్లో తిరుగుతారు, మీకెందుకొస్తది?"

మెచ్చుకున్నట్టే ఉంది కదా. అలా మెచ్చుకునే మన దరఖాస్తుని పక్కన పెట్టేస్తారు.

సెల్‌ఫోన్ వల్ల ఆటిజం వస్తుందని ఎక్కడా తేలలేదు. సెల్‌ఫోన్ పుట్టకముందే, 1943లో, లియో కానర్ అనే డాక్టర్ ఈ పిల్లల గురించి రాశాడు. ఇది చాలా వరకు పుట్టుకతో, జన్యువులతో ముడిపడిన విషయమని కవలల మీద చేసిన పరిశోధనలు 1977 నుంచీ చెబుతూనే ఉన్నాయి. జన్యువులకి ఏజెన్సీ తెలీదు, మైదానం తెలీదు. మన దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి పరీక్షించి 2018లో ఒక అధ్యయనం వేశారు. అందులో మన హైదరాబాదు ఉంది, ఒడిశాలోని ధెంకనాల్ ఉంది, హిమాచల్ కొండల్లోని కాంగ్డా కూడా ఉంది. వినికిడి, మూర్ఛ, బుద్ధి ఎదుగుదల, ఆటిజం, ఇలాంటివన్నీ కలిపి చూస్తే దాదాపు పదిమంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక ఇబ్బంది ఉంది. వెతికిన ప్రతిచోటా దొరికారు. మన దగ్గర దొరకలేదంటే వెతకలేదనే అర్థం.

మా పిన్ని కొడుకు సంగతి చెప్తాను. పేరు రాయను, పెద్దయ్యాక వాడే చదువుకుంటాడేమో.

ఏడాదిన్నర వరకు వాడు "పాని" అనేవాడు, అంటే నీళ్లు. మేము ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. తర్వాత ఆ ఒక్క మాటా పోయింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే వేలు చూపించడు, మన చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు. వెదురు పుల్లలు వరసగా పేర్చుకుంటూ పొద్దంతా కూర్చుంటాడు. ఊళ్లో ముందు చెవుడనుకున్నారు. కానీ అవతలి వీధిలో డప్పు మోగితే చెవులు మూసుకుని ఏడుస్తాడు. చెవుడెలా అవుతుంది?

పిన్ని వాణ్ని ముందు దిసారి దగ్గరికి తీసుకెళ్లింది, తర్వాత ఆసుపత్రికి. ఈ వరస చెప్పగానే చదువుకున్నవాళ్లు "అదిగో, మూఢనమ్మకం వల్లే ఆలస్యమైంది" అంటారు. లెక్క వినండి. దిసారి దగ్గర పోయింది రెండు వారాలు. ఆయన కోడిని కోయించి, నూలు కట్టి, "నా చేతిలో లేదమ్మా, ఆసుపత్రికి కూడా చూపించు" అన్నాడు. ఆసుపత్రుల్లో పోయింది రెండేళ్ల ఏడు నెలలు. మొదట చూసిన డాక్టరు "మగపిల్లలకు మాటలు లేటుగా వస్తాయి, కంగారు పడకు" అన్నాడు. రెండో చోట బలానికి సిరప్ రాసిచ్చారు. మూడో చోట ఇంకా చిన్నోడు, ఐదేళ్లు నిండాక సర్టిఫికెట్‌కి రమ్మన్నారు. "నా గుంటడికేటయిందో సెప్పండి బాబూ, పింఛనీ తరవాత" అని మా పిన్ని అడిగింది. చెప్పినవాళ్లు లేరు.

చివరికి సిటీలో ఒక ప్రైవేటు సెంటర్‌లో ఆటిజం అన్నారు. అప్పటికి వాడికి నాలుగేళ్లు దాటాయి. వారానికి మూడు సెషన్లు, ఒక్కో సెషన్‌కి 600 రూపాయలు. అంటే ఒక్క సెషన్‌కి ఉపాధి హామీలో రెండు రోజులు మట్టి తవ్వాలి. మా ఊరి నుంచి తారు రోడ్డు దాకా నడక, అక్కడ ఆటో, మండల కేంద్రం నుంచి పాడేరు, పాడేరు నుంచి ఘాట్ దిగి విశాఖ. వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. ఐదు సార్లు వెళ్లారు. ఆరోసారి వెళ్లలేదు.

ఆ ఐదు సార్లలో ఒకసారి నేనూ వెంట వెళ్లాను. అక్కడ చూసింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. థెరపీ చేసే అమ్మాయి మంచిదే, ఓపిక ఉన్నదే, ఆమెని అనడం లేదు. బొమ్మల కార్డులు పట్టుకుని "బాల్ ఏది? కుక్క ఏది? నీళ్లు ఏవి?" అని అడిగింది. వాడు చూడలేదు. కాగితం మీద సున్నా వేసింది. వాడు పుట్టాక ఆ మాటలు ఎన్నిసార్లు విని ఉంటాడు? వాడికి తెలిసిన నీళ్లు "పాని". నేను చెప్పాను. ఆమె ఇబ్బందిగా చూసి, సీనియర్ని పిలిచింది. ఆ సీనియర్ మా పిన్నితో అన్న మాట ఇది: "రెండు భాషలైతే పిల్లాడు తికమక పడతాడు. ఇంట్లో ఇకనుంచి తెలుగులోనే మాట్లాడండి."

మా పిన్నికి వచ్చిన తెలుగు సంతలో బేరం ఆడటానికి సరిపోతుంది. జోల పాడటానికి సరిపోదు. ఆమె ఇంటికొచ్చి నిజంగానే ప్రయత్నించింది పాపం. అంటే ఏం చేసింది? వాడితో మాట్లాడటం తగ్గించేసింది. నానమ్మని కూడా మాట్లాడనివ్వలేదు. మాట రాని పిల్లాడి చుట్టూ ఉన్న మాటలు కూడా ఆగిపోయాయి. ఆ సలహా ఇచ్చినవాళ్లకి తాము ఏం చేశారో తెలియదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం జరుగుతుందని పరిశోధనలు ఎక్కడా చూపించలేదు. ఏ గూటి చిలక ఆ గూటి పలుకు అని వాళ్ల తెలుగులోనే సామెత ఉంది. మా గూటి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చిన్నప్పుడే మొదలుపెడితే నిజంగా ఉపయోగం ఉంటుందా? దీన్ని మనం సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఎందుకంటే దీని మీద రెండు రకాల అబద్ధాలు తిరుగుతున్నాయి.

మొదటి అబద్ధం సిటీ బోర్డుల మీద ఉంటుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అని రాసి, మూడేళ్లలోపు చేర్చండి, వారానికి 30 గంటలు, 40 గంటలు, నయం చేస్తాం అంటారు. ఈ 40 గంటల లెక్క 1987లో అమెరికాలో లోవాస్ అనే ఆయన చేసిన పని నుంచి వచ్చింది. 19 మంది పిల్లలకి వారానికి 40 గంటలు శిక్షణ ఇస్తే 9 మంది మామూలు పిల్లల్లా ఒకటో తరగతిలో చేరారని రాశాడు. ఆ పిల్లల్ని చీటీ తీసి విడగొట్టలేదు. ఆ పద్ధతిలో గద్దించడం, తొడ మీద కొట్టడం కూడా ఉండేవి. ఆ సంగతి బోర్డు మీద రాయరు. 2010లో డెన్వర్ మోడల్ అని ఇంకో పద్ధతిని 48 మంది చిన్న పిల్లల మీద రెండేళ్లు చేసి చూశారు. ఆటలతో, మామూలు ఇంటి పనులతో కలిపి చేసేది. ఐక్యూ సగటున 17 పాయింట్లకు పైగా పెరిగింది, మామూలు వైద్యం పొందినవాళ్లకి 7. తర్వాత మూడు చోట్ల ఇంకా ఎక్కువమందితో చేస్తే ఐక్యూలో ఆ తేడా రాలేదు. ఇక 2024లో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఏరి, గంటలు పెంచితే ఫలితం పెరుగుతుందా అని చూశారు. పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అంటే 40 గంటలు కొనలేకపోయాం అని కుమిలిపోయే తల్లిదండ్రులకి చెప్పండి, మీరు పోగొట్టుకున్నది వాళ్లు చెప్పినంత కాదు.

పైగా మా పిల్లలు వంచడానికి మొక్కలు కాదు. ఆటిజం పోగొట్టడం ఎవరి వల్లా కాదు, అది లక్ష్యం కూడా కాకూడదు. ఆకలేస్తే చెప్పగలగాలి, నొప్పేస్తే చూపించగలగాలి, తోటి పిల్లలతో ఏదో ఒక దారిలో కలవగలగాలి. ఎవరైనా చెయ్యి చేసుకుంటే ఇంట్లో చెప్పుకోగలగాలి. మేము అడుగుతున్నది అది.

రెండో అబద్ధం మన ఆఫీసుల్లో ఉంటుంది. "స్పెషలిస్టులు లేరు, కొండ మీదకి ఎవరూ రారు, కాబట్టి చెయ్యలేం." ఇది మొదటిదానికన్నా ప్రమాదం. ఎందుకంటే వినడానికి నిజంలా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో 152 మంది పిల్లలతో ప్యాక్ట్ అనే పద్ధతి చేసి చూశారు. ఇందులో థెరపిస్టు పిల్లాడికి పాఠం చెప్పడు. తల్లీ బిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీస్తారు, తర్వాత ఆ తల్లి పక్కన కూర్చుని చూపిస్తారు. "ఇదిగో, ఇక్కడ వాడు నీ వైపు చూశాడు, నువ్వు గమనించలేదు. ఇక్కడ నువ్వు ఆగావు, వాడు చెయ్యి చాపాడు." అంతే. 2010లో మొదటి ఫలితం వచ్చినప్పుడు ఆటిజం లక్షణాల్లో పెద్ద తేడా లేదన్నారు. కానీ అవే పిల్లల్ని ఆరేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, తీవ్రమైన లక్షణాలున్నవాళ్లు ఈ సాయం అందిన వైపు 46 శాతం, అందని వైపు 63 శాతం. మాయ కాదు. కానీ తేడా ఉంది, అది నిలబడింది.

అదే పద్ధతిని మన దగ్గరికి తెచ్చి గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో చేశారు. పేరు పాస్. 65 మంది పిల్లలు, వయసు రెండు నుంచి తొమ్మిదేళ్లు. చేసింది డాక్టర్లు కాదు, స్పెషలిస్టులు కాదు. శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు, ఆ ఊరి భాష తెలిసినవాళ్లు, ఇళ్లకి వెళ్లి చేశారు. రెండు వారాలకోసారి, మొత్తం 12 సార్లు. 2016లో వచ్చిన ఫలితం ఏమిటంటే, తల్లులు పిల్లల్ని అనుసరించి స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఒక విషయంలో మాత్రం, ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద మనసు పెట్టే సమయం, అది తగ్గింది. చిన్న అధ్యయనం, ఆరు నెలలదే. ఇదీ చెప్పాలి, లేకపోతే మనకీ బోర్డులవాళ్లకీ తేడా ఏముంది?

ఇప్పుడు చెప్పండి. గోవాలో అయింది, రావల్పిండిలో అయింది, ముంచంగిపుట్టులో ఎందుకు కాదు? పన్నెండుసార్లు ఇంటికి వెళ్లే మనిషి కావాలి, ఒక ఫోను కావాలి, ఆ భాష రావాలి. ఆ మనిషి మన ఊళ్లో ఇప్పటికే ఉంది. ఆమె పేరు ఆశా కార్యకర్త. 2018లో వచ్చిన కేంద్ర కార్యక్రమం ప్రకారం ఆశా మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల, పన్నెండో నెల, పదిహేనో నెలలో ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్లాలి. బరువు ఒక్కటే కాదు, ఆట, మాట, ఎదుగుదల కూడా చూడాలి. ఒక్కో సందర్శనకి ఆమెకి ఇచ్చేది 50 రూపాయలు. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకి బిడ్డ ఏం చెయ్యాలో బొమ్మలతో సహా ఉంది. మీ ఊళ్లో ఏదైనా ఒక ఇంటికి వెళ్లి ఆ కార్డు తెరిచి చూడండి. నేను మా పంచాయతీలో 14 కార్డులు చూశాను. టీకాల పేజీ నిండి ఉంది, బరువు పేజీ సగం నిండి ఉంది, ఎదుగుదల పేజీ పద్నాలుగింటిలోనూ ఖాళీ. ఆశాల తప్పు కాదు. ఆ పేజీ ఏమిటో వాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పినా, పిల్లాడిలో తేడా ఉందని రాస్తే ఎక్కడికి పంపాలో అక్కడ ఎవరూ లేరు.

టీకాలంటే గుర్తొచ్చింది. మన యువత గ్రూపుల్లోనే టీకాల వల్ల ఆటిజం వస్తుందని ఒక వీడియో తిరుగుతోంది. ఆ మాట 1998లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసంతో మొదలైంది, ఆ వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. తట్టుతో పిల్లల్ని పోగొట్టుకున్న కొండల్లో ఆ వీడియో ఫార్వర్డ్ చెయ్యకండి, దయచేసి.

చట్టం సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాలు, ఆటిజం ఉంది. ఆ చట్టం 25వ సెక్షన్ పల్లెల్లో దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలంటుంది. ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తించడానికి ఏడాదికి ఒక్కసారైనా పిల్లలందర్నీ పరీక్షించాలంటుంది. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందం ప్రతి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి, అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. అంగన్‌వాడీల్లో దివ్యాంగ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఒక ప్రొటోకాల్ కూడా విడుదల చేసింది. కాగితాలకు కరువు లేదు. బృందం జీపు రోడ్డు ఆగిన చోట ఆగుతుంది. డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చే ఊరికి, మాట రాని రెండేళ్ల పిల్లాడి కోసం జీపు దిగి ఎవరు నడుస్తారు?

భాష దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు మెలిక అక్కడే ఉంది. ఈ సాయం మొత్తం మాట మీద, చూపు మీద, తల్లి స్పందన మీద నడుస్తుంది. కాలు విరిగితే కట్టు ఏ భాషవాడు కట్టినా అతుకుతుంది. ఇది అలా కాదు. కువి మాట్లాడే ఇంట్లో కువి వచ్చిన మనిషే చెయ్యాలి. కోయ ఇంట్లో కోయ, సవర ఇంట్లో సవర. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 సంవత్సరం నాటి జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల సమస్యగానే మాట్లాడుతున్నాం. అది నిజమే, కానీ సగమే. మైదానం నుంచి వచ్చిన టీచరుకి మామూలు పిల్లాడు ఏం చెబుతున్నాడో అర్థం కాకపోతే, వాడు తంటాలు పడి తెలుగు నేర్చుకుంటాడు. ఆటిజం ఉన్న పిల్లాడు ఆ తంటాలు పడలేడు. బడి బయట ఉండిపోతాడు. రేపు స్పెషల్ ఎడ్యుకేటర్ పోస్టులు పడినప్పుడు, మన భాష వచ్చినవాళ్లకి ఎన్ని అని మనమే అడగాలి. దానికి ముందు మనలో ఎంతమంది ఆ కోర్సు చదివాం అని కూడా అడుక్కోవాలి. సికింద్రాబాద్‌లో ఇదే పని నేర్పే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. డిగ్రీ చేసి కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎంతమందికి దాని పేరు తెలుసు? నాకు పిన్ని కొడుకు వల్ల తెలిసింది, లేకపోతే తెలిసేది కాదు.

మన వాళ్లని కూడా ఒక మాట అనాలి. జల్, జంగల్, జమీన్ అని గొంతు చించుకునే మీటింగుల్లోనే, మూలన తనలో తాను ఊగుతూ కూర్చున్న పిల్లాణ్ని "మూగోడు", "పిచ్చోడు" అని పిలవడం నేను విన్నాను. మన నాయకుల నోటే విన్నాను. తల్లి పొలంలో ఉండగా బిడ్డ వాగు వైపు పోతాడనే భయంతో గుంజకి తాడు కట్టి వెళ్లే ఇళ్లు ఉన్నాయి. ఆ తల్లిని తిట్టడం సులువు. ఆమె పోడుకి వెళ్తే ఆ నాలుగు గంటలు పిల్లాణ్ని చూసుకునేది ఎవరు? అంగన్‌వాడీలో "అల్లరి చేస్తాడు, తీసుకురావద్దు" అన్నారు. సంఘం ఏం చేసింది? ఆదివాసీ ఊళ్లో బిడ్డ ఊరందరి బిడ్డ అని సభల్లో చెప్పుకుంటాం. ఈ బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తల్లి ఒక్కదాని బిడ్డ అయిపోయాడు.

ఇది ఉద్యమం పని కాదు, ఎన్జీవోల పని అని ఒక అన్న నాతో వాదించాడు. అన్నా, గౌరవంతోనే చెప్తున్నాను. భూమి ఎవరి కోసం అడుగుతున్నాం? ఆ భూమి మీద తిరగబోయే పిల్లల కోసమే కదా. వాళ్లలో కొందర్ని లెక్కలోంచి తీసేసే పని సర్కారు ఎలాగూ చేస్తోంది, మనం కూడా చెయ్యాలా?

కాబట్టి పని మాట్లాడుకుందాం. సిటీ సెంటర్లకి బస్ పాసులు అడగడం నాకు ఇష్టం లేదు. సాయం కొండ ఎక్కాలి. ఐటీడీఏ కేంద్రంలో వారానికి రెండు రోజులు థెరపిస్టు, అక్కడే వినికిడి పరీక్ష, అక్కడే సర్టిఫికెట్. ఆమె పని పిల్లలకి కార్డులు చూపించడం కాదు, ఆశాలకీ అంగన్‌వాడీ టీచర్లకీ మన యువతకీ నేర్పి, వెనక ఉండి సరిదిద్దడం. ఆ నేర్చుకున్నవాళ్లకి జీతం ఇవ్వాలి. సేవ పేరుతో 50 రూపాయలు చేతిలో పెడితే ఒప్పుకోం. పదిహేనో నెల తర్వాత ఆగిపోతున్న ఇంటి సందర్శనలు పద్దెనిమిదో నెలకీ ఇరవై నాలుగో నెలకీ పెంచాలి, ఎందుకంటే వేలు చూపించకపోవడం, రెండు మాటలు కలపకపోవడం సరిగ్గా అప్పుడే బయటపడతాయి. పింఛను ఆంధ్రాలో 6000, తెలంగాణలో 4016 ఉంది, అది హక్కు, తీసుకోండి. కానీ పింఛను ఇచ్చేశాం కదా అని థెరపీ ఎగ్గొట్టడానికి వీల్లేదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఏడాది దాటినా పేరుకి పలకని బిడ్డ, ఏడాదిన్నర దాటినా వేలు పెట్టి చూపించని బిడ్డ, వచ్చిన మాట పోయిన బిడ్డ ఉంటే "ఇంకా చిన్నోడే" అనే మాట నమ్మకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. ఆరేళ్లు దాటిపోయినా అయిపోయిందని ఏడవకండి. పాస్‌లో తొమ్మిదేళ్ల పిల్లల దాకా ఉన్నారు. మీ భాషలోనే మాట్లాడండి, వాడు చూసేదాని గురించి మాట్లాడండి, మాట్లాడి ఆగండి, వాడి వంతు ఇవ్వండి.

మా పిన్ని మళ్లీ ఒడియాలోనే మాట్లాడుతోంది. నానమ్మ కూడా. నేను ఫోన్‌లో వీడియో తీసి ఇద్దరికీ చూపిస్తుంటాను, నాకు తెలిసినంతలో. వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. మాట్లాడడు. దాహమేస్తే చెంబు తెచ్చి మన ఒళ్లో పెడతాడు, పెట్టి మన ముఖంలోకి చూస్తాడు. ఆ చూపు ముందు ఉండేది కాదు.

ఈ నెలలో ప్రతి పంచాయతీ నుంచి ఒకరు సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. మూడు ప్రశ్నలు చాలు: గత మూడేళ్లలో మా మండలం అంగన్‌వాడీలకి సంచార బృందం ఏ తేదీల్లో వచ్చింది, ఆరేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యం, ఆటిజం అనుమానంతో ఎంతమందిని పైకి పంపింది, అందులో ఎంతమందికి థెరపీ అందింది. జవాబులు ఈ పేజీకి పంపండి. "ఏమీ లేదు" అని జవాబొచ్చినా పంపండి, అదే మనకి కావలసింది. వాటితో గ్రామసభల్లో తీర్మానం పెట్టి, ఆ ఆఫీసుకే మళ్లీ వెళ్దాం. ఈసారి నలుగురం కాదు, తల్లులతో, పిల్లలతో కలిసి.